రేసు కారుకు మేలైన ఇథనాల్ మన బండికీ మేలేనా?

నవంబరు ముసురు వెలిసిన మర్నాడు, కావలిలో మా బావమరిది పాత బైక్ ఎంత కిక్ కొట్టినా స్టార్ట్ కాలేదు. పన్నెండేళ్ల బండి. నెలన్నరగా వరండా చివర, జల్లు పడే చోటే నిలబడి ఉంది. మెకానిక్ ట్యాంకులో ఉన్నదంతా గాజు సీసాలోకి వంపాడు. కాసేపు కదపకుండా ఉంచితే రెండు పొరలు తేరుకున్నాయి. పైన పెట్రోల్, అడుగున వేలెడు మందాన ఇంకేదో. "బావా, బంకులో నీళ్లు కలిపారు" అని మావాడు కోపం తెచ్చుకున్నాడు. మెకానిక్ మాత్రం ట్యాంకు మూత తిప్పి చూపించాడు. దాని రబ్బరు వాషరు పగిలిపోయి ఉంది. వాననీరు అక్కడి నుంచే దిగింది.

అడుగున ఉన్నది ఒట్టి నీళ్లు కాదు. ఇప్పుడు మనం కొట్టించుకునే పెట్రోల్‌లో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది. చెరకు, ధాన్యం లాంటివాటి నుంచి తీసే ఆల్కహాల్ ఇది. దానికి నీళ్లంటే ప్రాణం. కొద్దిపాటి తడిని తనలో కలిపేసుకుంటుంది. తడి హద్దు దాటిందంటే మాత్రం పెట్రోల్‌ను వదిలేసి నీళ్లతో కలిసి అడుక్కి చేరుతుంది. ఇంజన్‌కి వెళ్లే పైపు ఉండేదీ అక్కడే.

ఇదే ఇథనాల్ అమెరికాలో ఇండీకార్ రేసు బండ్లను గంటకు 370 కిలోమీటర్లు దాటి పరిగెత్తిస్తోంది. అక్కడ అంత బాగా పనిచేసేది ఇక్కడ ఎందుకు తేడా కొడుతోంది?

రేసు ఇంజన్‌కి కొరత గాలిది, ఇంధనానిది కాదు. ఒక్కో విడత సిలిండర్‌లోకి పట్టే గాలి ఇంతే. కిలో పెట్రోల్ పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. అంటే అదే గాలితో ఇథనాల్‌ను ఎక్కువ మండించవచ్చు. పైగా ఆవిరయ్యేటప్పుడు అది లోపలి గాలిని చల్లబరుస్తుంది. ఆక్టేన్ కూడా ఎక్కువ కాబట్టి గట్టిగా నొక్కి కుదించినా ముందే అంటుకుని ఇంజన్‌ను కొట్టదు. ఇంధనం ఎక్కువ తాగుతుంది నిజమే, కానీ రేసులో లీటరు ఖర్చు ఎవరూ లెక్కపెట్టరు. ట్యాంకులో నెలన్నర నిలవ ఉండే ప్రశ్నే లేదు.

ఇంకో కారణం నన్ను బాగా కదిలించింది. 1964 ఇండీ 500 రేసులో పెట్రోల్ మంటల్లో ఇద్దరు డ్రైవర్లు చనిపోయారు. ఆ తర్వాత అక్కడ మిథనాల్ అనే మరో రకం ఆల్కహాల్‌కు మారారు. నీళ్లతో ఆర్పవచ్చు, కానీ దాని మంట కంటికి కనపడదు. 1981లో రేసు డ్రైవర్ రిక్ మియర్స్ కారుకు ఇంధనం నింపుతుంటే ఒలికి అంటుకుంది. మనుషులు కాలుతున్నా చుట్టూ ఉన్నవాళ్లకు మంట కనపడలేదు. ఇథనాల్ మంట కాస్తయినా కనపడుతుంది. 2007లో ఇండీకార్ ఇథనాల్‌కు వచ్చింది, 2012లో 85 శాతం మిశ్రమానికి మారింది, 2023 నుంచి చెరకు వ్యర్థాల నుంచి తీసిన ఇథనాల్ వాడుతోంది. కాబట్టి రేసు విషయంలో నాకు అనుమానం లేదు, ఇథనాలే మేలు.

రోడ్డు మీద లెక్క తిరగబడుతుంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి, లీటరు పెట్రోల్‌తో పోలిస్తే మూడో వంతు తక్కువ. 2021 నాటి నీతి ఆయోగ్ నివేదిక ప్రకారం, ఒట్టి పెట్రోల్ కోసం తయారైన కారులో ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) పోస్తే మైలేజీ 6 నుంచి 7 శాతం, టూవీలర్‌లో 3 నుంచి 4 శాతం తగ్గుతుంది. లీటరుకు 18 ఇచ్చే కారు 17 దగ్గర ఆగుతుందన్నమాట. శక్తి తగ్గుతుంది కనుక ధర కూడా తగ్గించాలని అదే నివేదిక చెప్పింది. బంకులో ఆ తగ్గింపు మనకు అందలేదు. నా అసలు బాధ ఇదే.

2023 ఏప్రిల్ తర్వాత తయారైన బండి ఉన్నవాళ్లు టెన్షన్ పడక్కర్లేదు. పైపులు, సీళ్లు ఈ20ని తట్టుకునేలా వస్తున్నాయి. అంతకుముందు బండ్లకు, ముఖ్యంగా కార్బురేటర్ ఉన్నవాటికి, ఈ10 (10 శాతమే కలిపినది) ఉంటేనే మేలనేది నా మాట. కానీ అది అడిగి కొట్టించుకునే వీలు మన బంకుల్లో లేదు. బ్రెజిల్‌లో 2003 నుంచి ఏది పోసినా నడిచే కార్లు ఉన్నాయి. ఇథనాల్ ధర పెట్రోల్ ధరలో 70 శాతం లోపు ఉంటే అక్కడివాళ్లు ఇథనాల్ కొట్టిస్తారు, లేదంటే పెట్రోల్. నిర్ణయం బండి యజమానిది. నాకు నచ్చిన పద్ధతి అదే.

ఇక ఆ ఇథనాల్ దేన్నుంచి తీస్తే మేలు? చక్కెర నుంచి లీటరు ఇథనాల్ రావాలంటే దాదాపు 2,860 లీటర్ల నీళ్లు ఖర్చవుతాయని నీతి ఆయోగ్ అంచనా. కనిగిరి, మార్కాపురం వైపు తాగే నీళ్లకే వెతుక్కునే ఊళ్లున్నాయి. ఆ వైపే పుట్టినవాడిగా కారు కోసం అన్ని నీళ్లు పొయ్యడం నాకు మింగుడుపడదు. పెన్నా కాలువల కింద నెల్లూరు వైపు పండే వరి సంగతి వేరు. ధాన్యం తిండికి పోయాక మిగిలేది గడ్డి. హర్యానాలోని పానిపట్‌లో వరిగడ్డి నుంచి రోజుకు లక్ష లీటర్ల ఇథనాల్ తీయగల ప్లాంటును 2022 ఆగస్టులో ప్రారంభించారు. పశువుల మేతకు పోగా మిగిలిన గడ్డిని రైతు దగ్గర కొని ఇథనాల్ తీస్తే, నా ఓటు దానికే.

మావాడి బైక్‌కి మెకానిక్ మూత వాషరు మార్చాడు, గట్టిపడి చీలిన పెట్రోల్ పైపు తీసి కొత్తది వేశాడు, కార్బురేటర్ కడిగాడు. ఇప్పుడు వాడు ఒకేసారి ఫుల్ ట్యాంక్ కొట్టించడం మానేశాడు. రెండు లీటర్లు పోయించుకుని, అవి అయ్యాకే మళ్లీ బంకుకు వెళ్తున్నాడు.