బండి ఆపి పాటలు: ఇంజన్ నడపాలా, రెండో బ్యాటరీ పెట్టాలా?

ఖర్చు: ఇంజన్ ఆన్‌లో ఉంచితే ముందు పైసా పెట్టక్కర్లేదు, ఇంధనం మాత్రం కాలుతూనే ఉంటుంది. రెండో బ్యాటరీకి ఐసొలేటర్ (పాటల లోడు అసలు బ్యాటరీని దించకుండా రెండింటినీ వేరు చేసే పరికరం), ఫ్యూజు, మందపాటి వైరు, బిగింపు కూలీ అన్నీ ఒకేసారి.

శ్రమ: మొదటిదానికి తాళం తిప్పడమే, రెండోదానికి బిగింపు పని ఉంటుంది.

రిస్కు: అసలు తేడా ఇక్కడే. ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు, ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) పూర్తి కరెంటు ఇవ్వదు. ఆంప్లిఫయర్ అంతకన్నా ఎక్కువ లాగితే ఇంజన్ తిరుగుతున్నా బ్యాటరీ దిగిపోతుంది. మూసిన షెడ్డులోనైతే ఇంజన్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలకే ముప్పు. అదే రెండో బ్యాటరీగా 100 ఆంపియర్-అవర్ల డీప్ సైకిల్ (లోతుగా వాడి మళ్లీ చార్జ్ చేసేందుకు తయారైన) బ్యాటరీ పెడితే, అందులో సగమే వాడినా 10 ఆంపియర్ల లోడుకు దాదాపు 5 గంటలు వస్తుంది. అది ఖాళీ అయినా సెల్ఫ్ కొట్టే బ్యాటరీ పదిలం. (ఫ్యూజు లేకుండా వైరు లాగేవాళ్లను చూస్తేనే నాకు భయం.)

ఎప్పుడో పావుగంట పాటలకు ఇంజన్ చాలు. గంటల తరబడి మోగించేవాళ్లు రెండో బ్యాటరీయే పెట్టించుకోండి.