ఆడియో ఇంటర్‌ఫేస్: ఇక్కడ కొనడం మేలా, అమెరికా నుంచి తెప్పించుకోవడం మేలా?

ఇంట్లోనే పాటలు, ఆడియో పుస్తకాలు, పాడ్‌కాస్టులు రికార్డు చేయడం మొదలుపెట్టే మిత్రులు నన్ను తరచుగా ఒకే ప్రశ్న అడుగుతున్నారు. మైకు శబ్దాన్ని కంప్యూటర్‌కు అందించే పరికరమే ఆడియో ఇంటర్‌ఫేస్. అందులో ఫోకస్‌రైట్ కంపెనీ వారి స్కార్లెట్ 2ఐ2 కావాలో, మోటూ ఎం2 కావాలో, ఆడియెంట్ ఐడీ14 కావాలో వాళ్ళు అప్పటికే తేల్చుకుని ఉంటారు. దాన్ని హైదరాబాదులోనో విజయవాడలోనో కొనాలా, సంక్రాంతికి డాలస్ నుంచి వచ్చే బావగారి పెట్టెలో తెప్పించుకోవాలా అన్నదే వాళ్ళ సందేహం. అక్కడి ధర తక్కువగా కనిపిస్తుంది కనుక సందేహం సహజమే. నేను రెండు విధాలుగానూ కొన్నాను, రెండింటికీ మరమ్మతు అవసరమై కంపెనీల వాళ్ళతో ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: కొనే రోజున కనిపించే ధర కంటే, చెడిపోయిన రోజున ఎవరు బాధ్యత తీసుకుంటారన్నదే ఈ ఎంపికలో ముఖ్యం.

అయితే ఇంటర్‌ఫేస్ చెడిపోయిందని మనం అనుకునే సందర్భాల్లో చాలావాటిలో పరికరం నిక్షేపంగా ఉంటుంది. కండెన్సర్ మైకు పెట్టి, అది పనిచేయడానికి కావలసిన విద్యుత్తును కేబులు ద్వారా పంపే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ మీట నొక్కకపోవడం, ఛార్జింగుకు మాత్రమే పనికివచ్చే యూఎస్‌బీ కేబులు వాడడం, శాంపుల్ రేటు (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలవాలన్న అమరిక) కంప్యూటర్‌లో 48 కిలోహెర్ట్జ్, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 44.1 కిలోహెర్ట్జ్ ఉండిపోవడం వంటివే ఎక్కువగా కారణాలవుతాయి. మూడో తరం స్కార్లెట్‌ను కొత్తగా కలిపినప్పుడు కంప్యూటర్‌లో అది పెన్‌డ్రైవ్ లాగా కనిపిస్తుంది. రిజిస్ట్రేషన్ కోసం కంపెనీ చేసిన ఆ ఏర్పాటు తెలియక ఎందరో కంగారుపడ్డారు. రిజిస్ట్రేషన్ పూర్తిచేసినా, 48 వోల్టుల మీటను ఐదు సెకన్లు నొక్కి పట్టుకున్నా సరిపోతుంది. అలాగే ష్యూర్ ఎస్ఎం7బీ మైకుకు కనీసం 60 డెసిబెళ్ళ గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే శక్తి) ఉండాలని దాని తయారీదారులే చెబుతారు. మూడో తరం 2ఐ2లో ఉన్నది 56 డెసిబెళ్ళే కాబట్టి గొంతు తక్కువ స్థాయిలో వినిపిస్తే అది పరికరం లోపం కాదు. నాలుగో తరంలో ఆ గెయిన్ 69 డెసిబెళ్ళకు పెరిగింది.

ఇటువంటి సమస్యల్లో పరికరం ఎక్కడ కొన్నారన్నదానికి ప్రాధాన్యం లేదు. పేరున్న కంపెనీల సహాయ విభాగాలు సాధారణంగా దేశం చూడకుండానే జవాబిస్తాయి. ఇబ్బంది కలిగించేది కాలభేదం ఒక్కటే. ఇంగ్లండులోని ఫోకస్‌రైట్‌కు మనకు నాలుగున్నర లేదా ఐదున్నర గంటల తేడా కాబట్టి మధ్యాహ్నం రాసిన లేఖను వాళ్ళు ఆ రోజు పనివేళల్లోనే చూసే అవకాశముంది. మసాచుసెట్స్‌లోని మోటూ విషయంలో మనకు సాయంత్రమయ్యాకగానీ వాళ్ళ ఉదయం మొదలుకాదు. ఒక ప్రశ్నకు, దాని జవాబుకు ఒక రోజు చొప్పున గడిచిపోతే, చిన్న సమస్యకే వారం పడుతుంది. అందుచేత మొదటి లేఖలోనే సీరియల్ నంబరు, కంప్యూటర్ నమూనా, విండోస్ లేదా మ్యాక్ వెర్షన్, డ్రైవర్ (పరికరాన్ని కంప్యూటర్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) వెర్షన్, బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో తీసుకునే శబ్దపు పరిమాణం) ఎంత పెట్టారో, వేరే కేబులుతోనూ వేరే కంప్యూటర్‌తోనూ పరీక్షిస్తే ఏం జరిగిందో అన్నీ రాసి, సమస్య కనబడేలా ఒక చిన్న వీడియో జతచేయాలి. నేను అలా రాసిన ప్రతిసారీ వాళ్ళు నేరుగా విషయంలోకి వచ్చారు. "సౌండ్ రావడం లేదు" అని ఒక వాక్యం రాసి ఊరుకున్నప్పుడు మాత్రం, పరికరాన్ని మళ్ళీ కలిపి చూడమనే అచ్చు జవాబే వచ్చింది.

దూరంగా ఉన్నవాళ్ళకు సులువుగా తట్టని సమస్య ఒకటుంది. మన ఇళ్ళలో చాలాచోట్ల గోడకు మూడు రంధ్రాల సాకెట్ ఉన్నా లోపల ఎర్తింగ్ సరిగా ఉండదు. ల్యాప్‌టాప్ ఛార్జర్ పెట్టగానే రికార్డింగులో గుయ్యిమనే శబ్దం మొదలవుతుంది. ఈ విషయం మీద నేను విదేశీ సహాయ విభాగంతో నాలుగు రోజులు లేఖలు నడిపాను, డ్రైవర్లన్నీ తీసి మళ్ళీ వేశాను. చివరకు ఇక్కడి దుకాణంలో కుర్రవాడొకడు ఫోనులో, "సార్, ఒకసారి ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద వినండి" అన్నాడు, శబ్దం పోయింది. స్థానిక సహాయం విలువ నాకు మొదట తెలిసింది ఆ రోజునే.

ఇక నిజంగా పరికరమే చెడిపోయిన సందర్భానికి వస్తాను. ఈ ప్రశ్నకు నా జవాబును నిర్ణయించింది ఇదే. బావగారు తెచ్చిపెట్టిన ఇంటర్‌ఫేస్‌లో ఎనిమిది నెలలకు రెండో ఇన్‌పుట్ మూగబోయింది. కంపెనీకి రాస్తే మరునాడే ఎంతో మర్యాదగా జవాబు వచ్చింది. పరీక్షలన్నీ చేయించి, లోపం పరికరానిదేనని ఒప్పుకున్నారు. ఆ తరువాత సీరియల్ నంబరు చూసి, ఇది అమెరికాలో అమ్మిన పరికరం కనుక అక్కడ కొన్న దుకాణం ద్వారానే వారంటీ వర్తిస్తుందని తెలిపారు. వాళ్ళ తప్పేమీ లేదు, వారంటీ షరతుల్లో ఆ మాట ముందునుంచీ ఉంది, చదవనిది నేనే. కొరియరులో పంపితే రానూపోనూ ఖర్చు, తిరిగి వచ్చేటప్పుడు కస్టమ్స్ కాగితాలు చూసుకుంటే పరికరం ధరలో పెద్ద భాగమే అయ్యేలా ఉంది. తిరుగు ప్రయాణమవుతున్న తెలిసినవారి చేతికిచ్చి పంపి, అక్కడ మార్పించి, మరొకరి ద్వారా తెప్పించుకునేసరికి నాలుగు నెలలు గడిచాయి. ఆ నాలుగు నెలలూ ఒప్పుకున్న ఆడియో పుస్తకం పని ఆగిపోయింది. కొన్న రోజున మిగిలిన డబ్బు ఆ నష్టంలో ఏ మూలకూ సరిపోలేదు.

రెండో పరికరాన్ని ఇక్కడే, అధీకృత విక్రేత వద్ద, సుమారు నాలుగు వేల రూపాయలు ఎక్కువ పెట్టి కొన్నాను. దాని హెడ్‌ఫోన్ అవుట్‌పుట్‌లో ఒక వైపు గరగర మొదలైనప్పుడు దిగుమతిదారు సంస్థకు రాశాను. ఇక్కడి సేవ గొప్పగా ఉందని చెప్పలేను. మొదటి రెండు లేఖలకు జవాబే రాలేదు. విదేశీ కంపెనీ చూపిన ఓపిక, వివరం వీళ్ళలో కనిపించలేదు. కాని దుకాణం యజమాని నా ముందే ఫోను చేసి మాట్లాడిన తరువాత బిల్లు నకలు, వీడియో తీసుకున్నారు, పరికరాన్ని తెప్పించుకున్నారు, పంతొమ్మిదో రోజున కొత్తది పంపారు. విదేశీ కంపెనీ మాట ఎంత మర్యాదగా ఉన్నా చేతికి పరికరం రాలేదు. దిగుమతిదారు మాట పొడిగా ఉన్నా పని జరిగింది. నా మొగ్గు ఎటో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

ఇక్కడ కొన్నప్పుడు చట్టం కూడా మన పక్షాన ఉంటుంది. దిగుమతి చేసిన వస్తువు పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఫిర్యాదు కోసం సంప్రదించవలసిన వివరాలు ఉండాలని 2011 నాటి ప్యాకేజీ వస్తువుల నిబంధనలు చెబుతున్నాయి. కొనే ముందు ఆ చీటీ ఉందో లేదో చూడండి, లేకపోతే ఆ వస్తువును వదిలేయండి. ఆన్‌లైన్‌లో అమ్మే సంస్థ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేసి, నెలలోగా పరిష్కరించాలని 2020 ఈ-కామర్స్ నిబంధనల్లో ఉంది. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. అప్పటికీ పని జరగకపోతే, 2019 చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. అమెరికా బిల్లుతో వచ్చిన పరికరానికి ఇవేవీ ఉపయోగపడవు.

అయినా కొన్ని సందర్భాల్లో విదేశం నుంచి తెప్పించుకోవడాన్ని నేను కాదనను. మీకు కావలసిన మోడల్ ఇక్కడ దొరకకపోతే మరో మార్గం లేదు. మీ ఇంట్లోవాళ్ళు ఏటా రెండుసార్లు అటూ ఇటూ తిరుగుతుంటే నేను పడిన ఇబ్బంది సగానికి తగ్గుతుంది. డ్రైవర్లను ఏళ్ళ తరబడి నవీకరిస్తూ వచ్చే కంపెనీ పరికరమైతే ఆ తయారీదారు సేవ ఎక్కడున్నా అందుతుంది. జర్మనీకి చెందిన ఆర్ఎంఈ 2004లో విడుదల చేసిన ఫైర్‌ఫేస్ 800కు విండోస్ 10 కాలంలోనూ డ్రైవర్లు అందించింది. నా దృష్టిలో కస్టమర్ సపోర్ట్ అంటే అదీ. దానికి విరుద్ధంగా, చవక పరికరాల్లో బెహ్రింగర్ యూఎంసీ22 వంటి వాటికి విండోస్‌లో ఆలస్యం లేకుండా రికార్డు చేయడానికి వాడే ఆసియో డ్రైవర్ సొంతంగా లేక, ఇతరులు తయారుచేసిన ఆసియో4ఆల్ అనే డ్రైవర్ మీద ఆధారపడాలి. అక్కడ సమస్య వస్తే తయారీదారు చేయగలిగింది కొంతే.

ఆన్‌లైన్ సంతల్లో దిగుమతిదారు చీటీ లేకుండా తక్కువ ధరకు అమ్మేవాళ్ళ దగ్గర కొనవద్దు, అందులో రెండు మార్గాల నష్టమూ ఉంది. సెకండ్ హ్యాండ్ సంగతి వేరు. బిల్లు చేతికిచ్చి, రిజిస్ట్రేషన్ రద్దుచేసి, ఎదురుగా రెండు ఇన్‌పుట్లూ పనిచేయించి చూపితే తీసుకోవచ్చు.

గత నెలలో మా మేనకోడలు సంగీత పాఠాల కోసం ఇంటర్‌ఫేస్ కావాలన్నప్పుడు, బావగారు తెస్తానన్నా వద్దని చెప్పి, అదే దుకాణంలో కొన్నాను. పెట్టె మీది చీటీని, బిల్లును, అడుగున ఉన్న సీరియల్ నంబరును ఫొటోలు తీసి తన ఫోనులోనూ నా ఫోనులోనూ దాచాము.