కట్టెల స్టవ్ కింద వేసే ప్యాడ్ కొనేవారికి హెచ్చరిక: "ఏ స్టవ్‌కైనా సరిపోతుంది" అన్న మాట నమ్మకండి

మొన్న శనివారం నలుగురం కలిసి స్టవ్‌ను పక్కకు జరిపి, దాని కింది ప్యాడ్‌ను ఎత్తి చూసేసరికి, మా హాల్లోని ఓక్ చెక్క నేల రెండడుగుల మేర ముదురు గోధుమ రంగుకు తిరిగి, నడుమ అరచేయంత భాగం నల్లగా బొగ్గయి ఉంది. ఆ పక్క గదిలోనే నా ఇద్దరు పిల్లలు పడుకుంటారు. ఇది రాస్తున్నప్పటికి కూడా నా కోపం చల్లారలేదు.

పశ్చిమ మసాచుసెట్స్‌లో ఉంటున్న మనవాళ్లలో చాలామందికి ఆ దుకాణం తెలిసే ఉంటుంది కనుక పేరు రాయడం లేదు. మంచు తుఫానులకు కరెంటు పోయినప్పుడు ఇల్లు వెచ్చగా ఉండాలని నవంబరులో అక్కడే స్టవ్, అక్కడే ప్యాడ్ కొన్నాము. ప్యాడ్‌కు 540 డాలర్లు తీసుకున్నారు. బిగించడానికి వాళ్ల మనుషులే వచ్చారు. టౌన్ పర్మిట్ కూడా తామే చూసుకుంటామన్నారు.

మొదటి రోజు నుంచీ ఏదో వాసన వచ్చేది. కొత్త స్టవ్‌కు వేసిన రంగు మొదటి కొన్ని మంటల్లో కాలి వాసన రావడం మామూలే కాబట్టి, ఫోన్ చేస్తే దుకాణంవాళ్లు అదే చెప్పారు, నేనూ అదే నమ్మాను. అయిదు వారాలైనా ఆ వాసన పోకపోతే ఎందుకని అడగలేకపోయాను. ఖమ్మం నుంచి వచ్చిన మా నాన్నగారు రెండో రోజే, "ఇది రంగు వాసన కాదమ్మా, కర్ర మాడుతున్న వాసన" అన్నారు. ఆయన రాకపోయి ఉంటే ఏమయ్యేదో తలచుకోవడానికే భయంగా ఉంది. కట్టెల పొయ్యి కింద మట్టి నేలను చూస్తూ పెరిగినదాన్ని కావడంతో, పొయ్యి కింది నేల కూడా అంటుకోగలదన్న ఆలోచనే నాకు రాలేదు. స్టవ్‌తో వచ్చిన మాన్యువల్‌ను సొరుగులోంచి తీయకపోవడం ముమ్మాటికీ నా తప్పే.

ఆ మాన్యువల్‌లో ఈ స్టవ్ కింద ఆర్ విలువ (వేడిని ఎంతగా అడ్డుకుంటుందో చెప్పే అంకె) 1.5కు తగ్గని రక్షణ ఉండాలని స్పష్టంగా ఉంది. మా ప్యాడ్ అంచు ఊడదీసి చూస్తే పైన పావు అంగుళం టైల్, దాని కింద పలుచని సిమెంట్ బోర్డు, అడుగున ప్లైవుడ్ ఉన్నాయి. టైల్ మీద నిప్పురవ్వ పడితే ఏమీ కాదు, కానీ టైల్ వేడిని ఆపదు, కిందికి పంపిస్తుంది. గంటల తరబడి, వారాల తరబడి వేడి తగులుతూ ఉంటే మంట తాకకుండానే చెక్క లోలోపల బొగ్గవుతుంది, అలా మారిన చెక్క మామూలు చెక్క కన్నా తక్కువ వేడికే అంటుకుంటుంది.

ఫోటోలు, మాన్యువల్, రసీదు పట్టుకుని ఆదివారం దుకాణానికి వెళ్లాను. మాకు ప్యాడ్ అమ్మిన మనిషే అక్కడ ఉన్నాడు. నవంబరులో ఇతనే ఆ ప్యాడ్ మీద చెయ్యి వేసి, "ఇది ఏ స్టవ్‌కైనా సరిపోతుంది, నిశ్చింతగా ఉండండి" అని నా కళ్లలోకి చూసి చెప్పాడు. ఇప్పుడు ఫోటోల వైపు సరిగా చూడనైనా చూడకుండా, తాను అమ్మింది నిప్పురవ్వల నుంచి కాపాడే ప్యాడేనని, స్టవ్‌కు ఏది కావాలో చూసుకోవలసింది నేనేనని అన్నాడు. ఆ స్టవ్ అమ్మింది కూడా మీరే కదా అని అడిగితే, "మీ దేశంలో మాన్యువల్ చదివే అలవాటు లేదా?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. అంతకంటే బాధ కలిగించినది ఆ తరువాత జరిగింది. నేను తలుపు దాకా వచ్చేలోగా అతను ఒక పడుచు జంట దగ్గరకు వెళ్లి, అదే రకం ప్యాడ్ మీద అదే విధంగా చెయ్యి వేసి, అవే మాటలు చెప్పడం నా చెవులతో విన్నాను. వెనక్కి వెళ్లి ఆ అమ్మాయికి నా ఫోన్‌లోని ఫోటోలు చూపించాను. వాళ్లు కొనకుండానే వెళ్లిపోయారు.

సోమవారం టౌన్ హాల్‌కు ఫోన్ చేస్తే మా పేరు మీద పర్మిట్ దరఖాస్తే లేదని తెలిసింది. నేల బాగు చేయడానికి వడ్రంగి 3,200 డాలర్లు అడుగుతున్నాడు.

కొనబోయేవారు ముందుగా స్టవ్ మాన్యువల్‌లో నేల రక్షణ గురించిన పేజీ చదవండి. కొన్ని స్టవ్‌లకు నిప్పురవ్వల రక్షణ ఒక్కటే చాలు, అలాంటి వాటికి మా ప్యాడ్ సరిపోయేదే. ఆర్ విలువ అడిగిన స్టవ్‌కు మాత్రం యూఎల్ 1618 (ఇలాంటి ప్యాడ్‌లకు ఉన్న భద్రతా ప్రమాణం) ప్రకారం టైప్ 2, అంటే వేడినీ నిప్పురవ్వలనూ ఆపేది, అని ముద్ర ఉన్న ప్యాడ్ తీసుకుని, దాని ఆర్ విలువ మాన్యువల్ అడిగినదానికి తగ్గకుండా ఉందేమో చూడండి. టైప్ 1 నిప్పురవ్వలకు మాత్రమే. ఆర్‌కు బదులు కె విలువ (పదార్థం వేడిని ఎంతగా పంపిస్తుందో చెప్పే అంకె) ఇచ్చి ఉంటే, అంగుళాల్లో మందాన్ని దానితో భాగిస్తే ఆర్ వస్తుంది, పొరల ఆర్ విలువలను కలుపుకోవచ్చు. స్టవ్ తలుపు ముందు ప్యాడ్ 16 అంగుళాలు, కెనడాలో ఉన్నవారికైతే 18 అంగుళాలు, పక్కలకు 8 అంగుళాలు ఉండాలి. పర్మిట్ మీరే స్వయంగా తీసుకుని, ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసేదాకా మంట వెలిగించకండి.