‘పాస్డ్ అవుట్’ అనాలా, ‘గ్రాడ్యుయేటెడ్’ అనాలా?

డిగ్రీ పూర్తయిందని ఇంగ్లీషులో చెప్పవలసి వచ్చినప్పుడు మనలో చాలామంది ‘ఐ పాస్డ్ అవుట్ ఆఫ్ కాలేజ్ ఇన్ 2019’ అని రాస్తారు. ‘ఐ గ్రాడ్యుయేటెడ్ ఫ్రమ్ కాలేజ్ ఇన్ 2019’ అన్నది రెండో పద్ధతి. మొదటిది భారతీయ ఇంగ్లీషులో బాగా స్థిరపడిన వాడుక కనుక, దాన్ని తప్పని కొట్టిపారేయడం నాకు సమ్మతం కాదు.

అయితే ఆ మాట వినగానే అమెరికా వారికి ముందుగా తోచే అర్థం స్పృహ తప్పి పడిపోవడం. బ్రిటన్‌లో ఆ అర్థంతోపాటు, సైనిక, పోలీసు శిక్షణ ముగించుకొని బయటికి రావడమనే అర్థం కూడా ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోలీసు అకాడమీలో శిక్షణ ముగింపు కవాతును పాసింగ్ అవుట్ పరేడ్ అనడం ఆ సంప్రదాయమే.

‘గ్రాడ్యుయేటెడ్’ అంటే పట్టా పుచ్చుకోవడమని అన్ని దేశాల వారికీ అర్థమవుతుంది. దాని పక్కన ‘ఫ్రమ్’ మాత్రం ఉండాలి. ‘గ్రాడ్యుయేటెడ్ కాలేజ్’ అని అమెరికాలో మాట్లాడతారు గాని, జాగ్రత్తగా రాసేవారు దానికి దూరంగా ఉంటారు. బ్రిటన్‌లో ఈ క్రియను సాధారణంగా విశ్వవిద్యాలయ పట్టాకే వాడతారు కాబట్టి, ఇంటర్మీడియట్ గురించి చెప్పేటప్పుడు ‘ఫినిష్డ్’ లేదా ‘కంప్లీటెడ్’ అనడం మేలు.

పరీక్ష గట్టెక్కిన సంగతికి ‘అవుట్’ లేకుండా ‘పాస్డ్’ అంటే చాలు. విదేశాలకు పంపే బయోడేటాలో నేనైతే ‘2019 పాస్ అవుట్’ అని కాక ‘2019 గ్రాడ్యుయేట్’ అనే రాయమంటాను.