మెటర్నిటీ లీవులో జీతం తగ్గితే: ముందే దాచడమా, అప్పుడు బిగించడమా, అప్పు తెచ్చుకోవడమా?

బిడ్డ పుట్టబోతోందంటే ఉయ్యాల నుంచి పేరు దాకా అన్నీ ముందే మాట్లాడుకుంటాం. లీవులో ఏ నెల ఎంత పడుతుందన్నది మాత్రం వాయిదా వేస్తాం. నేనూ అలాగే చేశాను.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో చేసిన 183వ ఒప్పందం కనీసం 14 వారాల సెలవు, పాత సంపాదనలో మూడింట రెండు వంతులకు తగ్గని భత్యం ఉండాలంటుంది. దాన్ని ఆమోదించని దేశాలు చాలానే ఉన్నాయి. కాబట్టి మీ ఆఫీసులో ఎన్ని వారాలు, ఎంత శాతం, ఏ తేదీన పడుతుంది అని అడగండి. మూడోది చాలామంది అడగరు. డబ్బు ఆలస్యంగా పడినా అద్దె ఆగదు కదా!

ఇంటికి నెలకు 100 వస్తుందనుకుందాం. అందులో ఆమెది 40, భర్తది 60. సెలవు ఆరు నెలలు. మొదటి మూడు నెలలు ఆమెకు మూడింట రెండు వంతుల జీతం, తర్వాత మూడు నెలలు ఏమీ రాదు. లోటు మొదట 40, తర్వాత 120, మొత్తం 160. ఒకటిన్నర నెలల ఇంటి రాబడి కన్నా ఎక్కువే. బిడ్డ ఖర్చు ఇంకా కలపలేదు.

దీన్ని ముందే దాచాలంటే, ఏడు నెలలు చేతిలో ఉంటే నెలకు 23 పక్కన పెట్టాలి. అందరివల్లా కాదు. అయినా నా ఓటు దీనికే, కాకపోతే కొంచెం మార్చి: తగ్గబోయే జీతంతో ఇప్పుడే బతికి చూడడం. జీతం పడిన రోజే తేడా వేరే ఖాతాలోకి వెళ్లిపోవాలి. నెలకు 13 చొప్పున దాచినా ఏడు నెలల్లో 90 దాటుతుంది. సగానికి పైగా లోటు తీరినట్టే. అంతకన్నా పెద్ద లాభం, మన అంచనా ఎక్కడ తప్పిందో ముందే బయటపడుతుంది. మేం మొదలుపెట్టిన రెండో నెలలో, పదిహేడో తారీఖునే దాచిన డబ్బు వెనక్కి లాగాల్సి వచ్చింది. ఏడాదికోసారి కట్టే బీమా ప్రీమియం మా లెక్కలోనే లేదు. అదే లీవులో వచ్చి ఉంటే ఎంత టెన్షనో!

లీవు మొదలయ్యాక బిగిద్దాంలే అనుకోవడం వినడానికి బాగుంటుంది. ఆఫీసుకు వెళ్లిరావడానికి అయ్యే ఖర్చు తగ్గేమాట నిజమే. అద్దె, ఈఎంఐ తగ్గవు. పైగా నిద్ర లేని మనిషికి లెక్కలు చూసే ఓపిక ఎక్కడుంటుంది? రాత్రి మూడింటికి ఒక చేత్తో బిడ్డను జోకొడుతూ, ఇంకో చేత్తో ఫోన్‌లో ఏం ఆర్డర్ పెట్టానో నాకు పార్సిల్ వచ్చాకే తెలిసేది.

అప్పుల్లో క్రెడిట్ కార్డు బాకీ జోలికి మాత్రం పోవద్దు. నెలకు 3 శాతమంటే చిన్నదిగా కనిపిస్తుంది కానీ, చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం దాటుతుంది. ఈఎంఐ కొన్నాళ్లు ఆపించుకోవడం దీనికన్నా నయమే, అయితే సాధారణంగా ఆగేది వాయిదానే, వడ్డీ కాదు. తక్కువ వడ్డీకి అప్పు తప్పదనుకుంటే, పూర్తి జీతం పడుతున్నప్పుడే మాట్లాడుకోండి. సగం జీతం స్లిప్పు చూశాక బ్యాంకు ధోరణి మారొచ్చు.

అందుకే ముందే బతికి చూడడం, మిగిలిన లోటుకు లీవులో కొంత బిగింపు, ఏమీ కుదరకపోతేనే ఈఎంఐ వాయిదా. నేనైతే ఈ వరుసలోనే వెళ్తాను.

ఇంకో మాట. లోటు లెక్క ఆరు నెలలకు కాదు, ఏడు నెలలకు వేయండి. నేను తిరిగి చేరిన నెల ఒకటో తారీఖున డే కేర్ వాళ్లు అడ్వాన్సు అడిగారు. నా మొదటి పూర్తి జీతం పడింది నెలాఖరున.