ఏళ్ల తర్వాత మళ్లీ హారర్ గేమ్: దేంతో మొదలెడితే మేలు?

సర్వైవల్ హారర్ గేమ్స్, అంటే చాలీచాలని బుల్లెట్లూ మందులతో భయపడుతూ బతికి బయటపడే ఆటలు, వదిలేసి ఏళ్లయినవాళ్లు మళ్లీ ఆడదామనుకుంటే ఇప్పుడు దొరకనిదంటూ లేదు. ఏది పట్టుకోవాలో తేలకపోవడమే బాధ. రెసిడెంట్ ఈవిల్ 2కి 2019లో, డెడ్ స్పేస్‌కీ రెసిడెంట్ ఈవిల్ 4కీ 2023లో, సైలెంట్ హిల్ 2కి 2024లో రీమేకులు వచ్చేశాయి. నెల్లూరులో నా ఈడువాళ్లు కొందరికి ఆఖరిగా గుర్తున్నది 2007లో కంప్యూటర్‌కి వచ్చిన పాత రెసిడెంట్ ఈవిల్ 4. అందులో మౌస్‌తో గురిపెట్టే వీలే లేదు, పరుగూ కాల్పులూ అన్నీ కీబోర్డు మీదే. ఆ అలవాటు ఇప్పటి ఆటల్లో అక్కరకు రాదు.

ఏది ఎక్కువ భయపెడుతుంది అని అడుగుతారు అందరూ. నన్నడిగితే అది చివర చూడాల్సిన సంగతి. ఉద్యోగం, సంసారం, పక్కగదిలో నిద్రపోయే పిల్లలు ఉన్నవాడు ముందు చూసుకోవాల్సింది వేరే. అనుకున్నప్పుడు ఆపేయగలమా? వారం పదిరోజులు ముట్టకుండా వదిలేసి మళ్లీ కూర్చుంటే ఎక్కడున్నామో తెలుస్తుందా? మే నెల మధ్యాహ్నం కరెంటు పోతే ఆడిందంతా గంగలో కలుస్తుందా, ఎంతోకొంత మిగులుతుందా? ఈ లెక్కన చూస్తే మంచి గేమ్స్ వరస తారుమారైపోతుంది.

ముందు పాత బంగారం సంగతి. 1996 నాటి మొదటి రెసిడెంట్ ఈవిల్‌ని 2002లో కొత్తగా తీశారు, 2015లో దాన్నే మెరుగుపరిచి కంప్యూటర్లకీ ఇచ్చారు. మామూలు పాత కంప్యూటర్లోనూ ఆడుతుంది. కెమెరా గోడకి కొట్టినట్టు ఒకచోటే ఉంటుంది, మలుపు అవతల ఏముందో కనపడదు, చప్పుడు మాత్రం వినిపిస్తుంది. పాత పద్ధతి నడక ఇబ్బందైతే కంట్రోలర్ మీది స్టిక్ ఎటు వంచితే అటు నడిచే కంట్రోల్ కూడా పెట్టారు. ఇంతవరకూ బాగుంది. చిక్కల్లా శవాల దగ్గర. పడగొట్టిన జాంబీని తల పగలకుండా, తగలబెట్టకుండా వదిలేస్తే కొంతసేపటికి అది ఎర్రటి తలతో, గోళ్లతో లేచి పరిగెత్తుకొస్తుంది. తగలబెట్టడానికి కిరసనాయిలు సీసాలో పోసుకుని మోయాలి, అదేమో రెండుసార్లకే సరిపోతుంది. ఏ వరండాలో ఎవర్ని కాల్చామో, ఎవర్ని వదిలేశామో బుర్రలో పెట్టుకోవాలి. రోజూ ఆడేవాడికి అదే మజా. ఆదివారం ఆదివారం కూర్చునేవాడికి నరకం. పైగా సేవ్ చేయాలంటే ఆటలో అక్కడక్కడా ఉండే టైప్‌రైటర్‌కి ఇంకు రిబ్బన్ కావాలి, అవి లెక్కగానే దొరుకుతాయి. పాత ప్రేమ కొద్దీ దీంతోనే మొదలెట్టాలనిపిస్తుంది గానీ, రెండోదిగా ఆడితేనే దీని విలువ తెలుస్తుంది.

రెసిడెంట్ ఈవిల్ 2 రీమేక్ ఈ విషయంలో మన బతుకు తెలిసినవాళ్లు తీసినట్టుంటుంది. ఆట చాలావరకు ఒక పోలీస్ స్టేషన్లో. ఒకప్పుడు మ్యూజియమైన బిల్డింగు అది, అందుకే హాల్లో విగ్రహాలూ గోడల్లో దాపుడు దారులూ. మ్యాప్ తెరిస్తే ఇంకా ఏదో మిగిలిన గది ఎర్రగా, మొత్తం ఖాళీ చేసిన గది నీలంగా కనిపిస్తుంది. తాళంచెవుల మీద పేకముక్కల గుర్తులుంటాయి, ఆటలోని పాత్రల్లో ఒకడైన లియోన్‌గా ఆడితే ఇస్పేటు, డైమను, కళావరు. ఒక తాళంచెవితో పనైపోతే దాని మీద టిక్కు పడుతుంది, ఇక పారేయొచ్చని అర్థం. నెల తర్వాత వచ్చినా మ్యాప్ ఒక్కటి చూస్తే కథ అందుకోవచ్చు. స్టాండర్డ్ అనే మామూలు స్థాయిలో టైప్‌రైటర్ దగ్గర ఎన్నిసార్లయినా సేవ్ చేసుకోవచ్చు, మధ్యమధ్యలో ఆటే సేవ్ చేసుకుంటుంది కూడా.

మరి భయం? ఉంది. పడమటి వైపు వరండాలో చర్మం ఒలిచినట్టుండే, లిక్కర్ అని పిలిచే వికృత జీవి ఒకటి పైకప్పుకి కరుచుకుని ఉంటుంది. దానికి కళ్లు లేవు, చెవులే. స్టిక్ సగమే వంచి, పిల్లిలా అడుగులో అడుగేసుకుంటూ దాని కిందనుంచే పోవచ్చు. బుల్లెట్లు చేతిలో ఉండీ కాల్చకుండా, ఊపిరి బిగబట్టి ఆ నాలుగడుగులు దాటడంలో ఉన్న టెన్షన్ పది జాంబీల్ని కాల్చినా రాదు. తర్వాత టోపీ పెట్టుకున్న ఆజానుబాహుడు మిస్టర్ ఎక్స్ దిగుతాడు. వాడి బూట్ల చప్పుడు పై అంతస్తులోదా కింద అంతస్తులోదా అని చెవులు రిక్కించి వినాలి, హెడ్‌ఫోన్స్ లేకపోతే దండగ. సేవ్ గదుల్లోకి మాత్రం రాడు, పెద్ద హాల్లోకి వస్తాడు. చేతులు మొద్దుబారాయనిపిస్తే తేలిక స్థాయి అసిస్టెడ్ పెట్టుకోండి, గురి కుదరడానికి సాయపడుతుంది, హెల్త్ కొంతవరకు దానంతటదే కోలుకుంటుంది. ఇందులో నామోషీ ఏం లేదు. కష్టమైన స్థాయి హార్డ్‌కోర్ జోలికి మాత్రం పోవద్దు, అక్కడ మళ్లీ ఇంకు రిబ్బన్ల గోలే.

ఒంగోలులో ఉండే మా బామ్మర్ది దీనికి ఒప్పుకోడు. "బావా, నీ దాంట్లో తాళాలే ఉండాయి, కథ ఏడుండాది? సైలెంట్ హిల్ 2 ఆడు" అంటాడు. కథ విషయంలో వాడిదే గెలుపు. చనిపోయిన భార్య నుంచి ఉత్తరం వచ్చిందని ఆ ఊరికి బయల్దేరిన జేమ్స్ కథ అది, 2001లో వచ్చినప్పుడు ఎంత బరువుగా ఉందో రీమేక్‌లోనూ అంతే. మ్యాప్ మీద జేమ్సే ఎర్ర గీతలు గీసుకుంటాడు, తెరుచుకోని తలుపులు గుర్తుపెట్టుకునే పని మనకి తప్పుతుంది. కొట్లాట కష్టం వేరే, పజిల్ కష్టం వేరే పెట్టుకోవచ్చు. కానీ అసలు ఆట కంటే రీమేక్ బాగా పొడుగు, రెట్టింపు దాకా పోతుంది. రోజంతా ఆఫీసులో అరిగి వచ్చి, ఆ పొగమంచులో రేడియో గరగరలు వింటూ గంట కూర్చుంటే భయం కన్నా దిగులు ఎక్కువ మిగులుతుంది. పైగా మన తీరుని అది గమనిస్తుంటుంది, దెబ్బలకి మందు వేసుకోకుండా తిరిగామా లేదా అన్నది కూడా ముగింపుని మారుస్తుంది. ఇంట్లో ఈమధ్యే రోగిని చూసుకున్నవాళ్లు, ఎవర్నైనా పోగొట్టుకున్నవాళ్లు కొన్నాళ్లు ఆగడం మంచిది. ఇది మాత్రం సరదాకి అనడం లేదు.

ఖర్చు సంగతి కూడా చూడాలి. రెసిడెంట్ ఈవిల్ 2 2019లో వచ్చినప్పుడు కనీసం 8 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 760 స్థాయి గ్రాఫిక్స్ కార్డు చాలన్నారు. సైలెంట్ హిల్ 2 రీమేక్‌కి 16 జీబీ, జీటీఎక్స్ 1070 టీఐ కనీసం. కార్డే లేని ల్యాప్‌టాప్ అయితే ఇద్దరే కలిసి తయారుచేసిన సిగ్నాలిస్ ఉంది, 2022లో వచ్చింది. సంచీలో ఆరు వస్తువులే పడతాయి, పాత పద్ధతి పొదుపంతా అందులో దొరుకుతుంది.

ఏలియన్: ఐసొలేషన్ 2014 నాటిదైనా దానికి సాటి వచ్చేది తక్కువ. సేవ్ చేయాలంటే గోడకున్న ఫోన్లో కార్డు పెట్టి, దీపాలు ఒకటొకటిగా వెలిగేదాకా నిలబడాలి. ఆలోపే వెనకనుంచి ఏలియన్ పట్టేయొచ్చు. పిలిస్తే లేచి వెళ్లాల్సిన ఇంట్లో ఇది కుదరదు. ప్లేస్టేషన్ 4లో కెమెరా ఉంటే గదిలో మన చప్పుడు కూడా దానికి వినపడేలా పెట్టుకోవచ్చు, కుక్కర్ మూడో విజిల్‌కి మన పని అయిపోయినట్టే. ఇంట్లోవాళ్లు సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు చూసుకోవచ్చు. చేతిలో ఆయుధమే ఇవ్వని అవుట్‌లాస్ట్ లాంటివి నాకు ఎక్కవు, పరిగెత్తడం దాక్కోవడం తప్ప వాటిలో తూకం వేసుకోవాల్సింది పెద్దగా లేదు.

కాబట్టి నా వరస ఇది: ముందు రెసిడెంట్ ఈవిల్ 2, లియోన్‌తో, స్టాండర్డ్‌లో. అది పూర్తయ్యాక చేతులు కుదురుకుంటాయి, అప్పుడు పాత మొదటి భాగం. సైలెంట్ హిల్ 2 నవంబర్ వానల్లో, రెండ్రోజులు వరసగా సెలవు దొరికినప్పుడు. కంప్యూటర్ గేమ్స్ అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొంటే 14 రోజుల్లోపు, 2 గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. కొన్న రోజే ఆ పోలీస్ స్టేషన్ హాలు దాకా వెళ్లి, మీ కంప్యూటర్లో ల్యాగ్ లేకుండా నడుస్తుందో లేదో చూసుకోండి.