పేరుతో పాటు అర్థమూ చెక్కి ఇస్తారు: విజయనగరంలో ఒక నేమ్‌ప్లేట్ దుకాణం

మా చెల్లెలి మనవడికి అఖీఖా (బిడ్డ పుట్టాక జరిపే వేడుక) నాడు ఇస్మాయిల్ అని పేరు పెట్టారు. కానుకగా ఇవ్వడానికి విజయనగరం గంట స్తంభం దగ్గరి ఒక చిన్న దుకాణంలో ఇత్తడి నేమ్‌ప్లేట్ చేయించాను. పైన అరబీలోనూ కింద తెలుగులోనూ పేరు, దాని కింద అర్థం చెక్కి ఇవ్వడం వీరి ప్రత్యేకత.

పనితనానికి వంక పెట్టలేను. ఈ పేరులో ప్రాణమంతా ఐన్ అనే అరబీ అక్షరంలో ఉంది. ఉర్దూ మాట్లాడే మనం దాన్ని అచ్చులో కలిపేసి పలుకుతాం కనుక చెక్కేవారు కూడా తేలిగ్గా తీసుకునే ప్రమాదం ఉంది. ఇక్కడ మాత్రం అలిఫ్ దగ్గర ఆగిన గీత ఐన్ వంపుతో మళ్లీ మొదలై, యే మీదుగా లామ్ దాకా తెగకుండా సాగింది. యే కింది రెండు చుక్కలు కూడా లోతుగా, సమానంగా దిగాయి.

అర్థం విషయంలోనే పేచీ వచ్చింది. నమూనా కాగితంలో ‘త్యాగశీలి, అరబీ పదం’ అని ఉంది. త్యాగం ఇస్మాయిల్ ప్రవక్త చరిత్రకు చెందినది, పేరుకు కాదు. హీబ్రూలో ‘షామ’ అంటే వినడం, ‘ఏల్’ అంటే దేవుడు. రెండూ కలిసి ‘దేవుడు వింటాడు’ అని అర్థం. ఎడారిలో ఉన్న ఆయన తల్లి హాగరు మొరను ప్రభువు విన్నాడు కనుక బిడ్డకు ఈ పేరు పెట్టమని దూత చెప్పినట్టు బైబిల్ ఆదికాండం 16వ అధ్యాయంలో ఉంది. తెలుగు బైబిల్లోని ఇష్మాయేలు ఈయనే. హీబ్రూ ‘ష’ ఉన్నచోట అరబీలో తరచు ‘స’ వస్తుంది: షాలోమ్, సలామ్ లాగానే షామ, సమిఅ. అరబీ వ్యాకరణవేత్తలు కూడా దీన్ని పరభాషా నామంగానే లెక్కించి తన్వీన్ (పదం చివర వచ్చే ‘న్’ ధ్వని) చేర్చరు. అయినా ఖురాన్‌లో ఈ అర్థం ఎంత చక్కగా పలుకుతుందో! 14వ సూరా (అధ్యాయం) 39వ ఆయతులో (వాక్యంలో) ముసలితనంలో ఇస్మాయిల్‌నూ ఇస్‌హాఖ్‌నూ ఇచ్చినందుకు అల్లాహ్‌ను స్తుతిస్తూ ఇబ్రాహీం (అలైహిస్సలాం), నా ప్రభువు ప్రార్థన వినేవాడు, ‘సమీఉద్దుఆ’ అంటారు.

దుకాణదారు ఇదంతా ఓపికగా విని, అదనంగా ఏమీ అడగకుండా ‘దేవుడు వింటాడు, హీబ్రూ మూలం’ అని మార్చి చెక్కారు. తెలుగు అక్షరాలు ఇంకొంచెం పెద్దవిగా ఉండాల్సింది. గుమ్మం దగ్గర నిలబడితే అర్థం వరుస కనబడదు. చేయించేవారు అర్థాన్ని ముందే సరిచూసుకొని, కాగితం మీద రాసి ఇవ్వడం మంచిది.